సొంత పాటలు పాడనని జాన్ ఫోగర్టీ పట్టిన పట్టు: పంతమా, న్యాయమా?

రాత్రిరైలు
కొన్నాళ్లుగా క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే పాత అమెరికన్ రాక్ బృందం పాటలు తప్ప మరొకటి వినడం లేదు. ఇంట్లో వాళ్లకు విసుగు పుట్టింది, నాకు పుట్టలేదు. ఆ పాటలు రాసి, బాణీ కట్టి, పాడి, గిటార్ వాయించి, రికార్డింగు కూడా దగ్గరుండి చూసుకున్న జాన్ ఫోగర్టీ తరవాత ఏమయ్యాడా అని చదవడం మొదలుపెట్టాను. చదవకపోయినా బాగుండేది. 1972లో బృందం విడిపోయింది. అప్పటి నుంచి దాదాపు పదిహేనేళ్లు కచేరీల్లో ఆ పాటల జోలికే పోలేదట! పాడితే రికార్డు కంపెనీ యజమానికి డబ్బు చేరుతుందని కోపం. కోపం ఉండవచ్చు, కాదనను. మధ్యలో వినేవాడు ఏం పాపం చేశాడు? 1986లో ఆయన కచేరీకి టికెట్ కొనుక్కుని వెళ్లినవాడు ‘ప్రౌడ్ మేరీ’ వినకుండానే ఇంటికి రావాలా? నాకైతే ఇది ఉత్త పంతం అనిపిస్తోంది. కాదనేవాళ్లు చెప్పండి.

నిద్రమత్తు
‘ఫార్చునేట్ సన్’ కూడా ఆయనదేనా? వియత్నాం సినిమాల్లో హెలికాప్టర్ కనిపించగానే మొదలయ్యే పాట! నేను ఇన్నాళ్లూ అది హెలికాప్టర్‌తో పాటే వస్తుందనుకున్నాను.

పాతరికార్డులు
రాత్రిరైలు గారూ, కోపం అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ కోపం వెనక చాలా ఉంది.

వీళ్లు కాలిఫోర్నియాలో బర్క్‌లీ పక్కన ఎల్ సెరిటో అనే చిన్న ఊరి పిల్లలు. జాన్, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ బడిలో స్నేహితులు. 1959లో పద్నాలుగేళ్ల వయసులో ‘బ్లూ వెల్వెట్స్’ అని జట్టు కట్టారు. జాన్ అన్న టామ్ తరవాత వచ్చి చేరాడు. మొదట్లో గాయకుడు టామే. 1964లో ఫాంటసీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీలో చేరితే, వాళ్లు వీళ్లను అడగకుండానే ‘గాలీవాగ్స్’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో నాలుగేళ్లు ఈడ్చారు. ఈలోగా 1967లో సాల్ జెంట్జ్ అనే ఆయన ఆ కంపెనీని కొన్నాడు. 1968లో ఇప్పుడు మనకు తెలిసిన పేరు వచ్చింది. 1969 ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు! ‘బయూ కంట్రీ’, ‘గ్రీన్ రివర్’, ‘విల్లీ అండ్ ద పూర్ బాయ్స్’. మూడింటిలోనూ తీసిపారేయదగ్గ పాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒప్పందం మాత్రం ఎవరికీ తెలియని కుర్రాళ్ల దగ్గర రాయించుకున్న ఒప్పందం. పాటల హక్కులు కంపెనీవి. మీరు పైకి వస్తే ఇది చించేసి మంచిది రాసుకుందాం అని జెంట్జ్ మాట ఇచ్చాడనీ, తరవాత నిలబెట్టుకోలేదనీ ఫోగర్టీ ఇప్పటికీ చెబుతాడు. దానికితోడు బృందం డబ్బును బహమాస్ దీవుల్లోని కాజిల్ బ్యాంకులో దాచారు. 1977లో ఆ బ్యాంకు మూతపడింది. ఇక ఆ కంపెనీకి ఇంకా బాకీ ఉన్న పాటల నుంచి బయటపడటానికి 1980లో ఆయన ఏం చేశాడో తెలుసా? క్రీడెన్స్ రికార్డుల మీద తనకు రావలసిన రాయల్టీని వదిలేసుకున్నాడు. అంటే రేడియోలో రోజూ మోగుతున్న తన గొంతుకు తనకే వాటా లేదు. అలాంటివాడిని ‘పాడవయ్యా’ అని ఎలా అడుగుతాం?

రాత్రిరైలు
రాయల్టీ సంగతి నాకు తెలుసు. నా ప్రశ్న అది కాదు. పాడకపోతే జెంట్జ్‌కు పోయేది కచేరీ లెక్కల్లో కాసిన్ని డాలర్లు. పోగొట్టుకున్నది ఎవరు? ఆయనా, మనమూ.

మూడోతీగ
కోర్టులూ కంపెనీలూ కాసేపు పక్కన పెట్టి ఆ గిటార్ గురించి ఎవరైనా మాట్లాడండి. మాకు మొదటి బ్యాండ్‌లో నేర్పిన పాట ‘ప్రౌడ్ మేరీ’. మొదట్లో వచ్చే ఆ కార్డులు (కలిపి మోగించే స్వరాలు) సి, ఏ, మళ్లీ సి, ఏ, అక్కడి నుంచి జి, ఎఫ్ మీదుగా దిగి డి మీద కూర్చుంటాయి. బీథోవెన్ అయిదో సింఫనీ ఆరంభం మనసులో పెట్టుకుని కట్టానని ఆయనే చెప్పాడు. దిగాక చరణమంతా డి మీదే. పడవ నీళ్ల మీద సాగినట్టు కుడిచెయ్యి కదులుతూ ఉండాలి, ఎడమచేతికి పనే లేదు. సులభం కదా అని మొదలుపెడతాం. ఆ ఊపు మాత్రం రాదు. చాలా పాటలకు ఆయన తీగలన్నిటినీ ఒక పూర్తి స్వరం కిందికి దింపి శ్రుతి చేసేవాడు. అందుకే ఆ పాటల్లో గిటార్ అంత బరువుగా వస్తుంది. మామూలు శ్రుతిలో అదే వాయించి చూడండి, పలచబడిపోతుంది. ‘బోర్న్ ఆన్ ద బయూ’ మొదట్లో అయితే గిటార్ ఆంప్లిఫయర్ ట్రెమొలోతో వణుకుతూ వస్తుంది.

సాక్రమెంటో_సీను
అసలు తమాషా ఏమిటంటే, బయూ అంటే లూసియానా చిత్తడి నేలల్లో పారే వాగు. ఆ పాట రాసేనాటికి ఈయన లూసియానా ముఖం చూడలేదు! ఎల్ సెరిటో అంటే ఎదురుగా సముద్రపు పాయ, వెనక కొండలు. మొసళ్లూ లేవు, నాచు వేలాడే చెట్లూ లేవు. ‘గ్రీన్ రివర్’ అయితే ఇక్కడికి దగ్గరే. వింటర్స్ అనే ఊరి దగ్గర ప్యూటా క్రీక్ అని ఉంది, చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన చోటు. పేరేమో సోడా దుకాణంలోని ఆకుపచ్చ షర్బత్ సీసా మీద నుంచి తీసుకున్నాడు.

ఇంకొకటి. ‘లోడీ’ పాట అందరికీ తెలుసు కదా, ఊరుగాని ఊళ్లో తాగుబోతుల ముందు పాడుతూ, తిరిగి వెళ్లడానికి బండి చార్జీకి డబ్బుల్లేక ఇరుక్కుపోయిన గాయకుడి గోడు. లోడీ మా ఇంటి నుంచి స్టాక్టన్ వెళ్లే దారిలోనే, 99వ నంబరు రహదారి మీద. చుట్టూ ద్రాక్షతోటలు, శుభ్రమైన ఊరు. అక్కడ ఇరుక్కుపోతే నాకేమీ బాధ ఉండదు. ఆయన ఆ ఊరు కూడా చూడకుండానే, పేరు బాగుందని పెట్టాడు.

ఎదురుమాట
అదే నేనూ అడుగుతున్నాను. చూడని వాగు గురించి పాడినవాడిని మట్టివాసన తెలిసిన గాయకుడు, రూట్స్ (వేళ్లు) రాక్ పితామహుడు అంటూ నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆ వేళ్లు ఎక్కడివి మరి?

పాతరికార్డులు
రేడియోవి. ఇందులో దాచేదేమీ లేదు. బ్లూస్, కంట్రీ, రాకబిల్లీ, గాస్పెల్ అన్నీ చిన్నప్పుడు రేడియోలో విని నరాల్లోకి ఎక్కించుకున్నాడు. అప్పట్లో పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవై నిమిషాల గిటార్ ఆలాపనలు రాజ్యమేలుతున్నాయి. వీళ్లేమో చెక్కు చొక్కాలు వేసుకుని రెండున్నర నిమిషాల పాట వాయించి దిగిపోయేవాళ్లు. ఆ ఊళ్లో వీళ్లను పాతకాలపు మనుషుల్లా చూశారు. తిరుపతి వెళ్లకుండా వెంకన్న మీద కీర్తన రాయకూడదా?

నిద్రమత్తు
రాయవచ్చు. మెట్ల లెక్క తప్పు చెప్పకూడదు, అంతే.

పల్లవి_చరణం
ఎదురుమాట గారికి ఒక మాట. ‘ఫార్చునేట్ సన్’ మాత్రం చూడకుండా రాసింది కాదు. ఆయనకు సైన్యం పిలుపు వచ్చింది. రిజర్వు దళంలో చేరి అక్కడ కొంతకాలం చాకిరీ చేశాడు. అక్కడి నుంచి విడుదల కాగితం చేతికి వచ్చిన సంతోషంలోనే ‘ప్రౌడ్ మేరీ’ పుట్టిందంటాడు. నిక్సన్ కూతురు, ఐసెన్‌హోవర్ మనవడు పెళ్లి చేసుకున్న రోజులవి. అలాంటి అధ్యక్షుల ఇళ్ల పిల్లలు యుద్ధానికి పోరు, పేదవాళ్ల పిల్లలు పోతారు అన్న మంటే ఆ పాట. ఆయనకు గొంతు చించుకునే హక్కు ఉంది.

2020లో ట్రంప్ సభల్లో అదే పాట వేశారు. వేయవద్దని ఫోగర్టీ నోటీసు పంపాడు. పెద్దింటి బిడ్డల మీద కోపంతో రాసిన పాటను ఆ సభలో ఎవరు ఎంచుకున్నారో గాని, మాటలు విన్నట్టు లేదు.

కోర్టుపక్షి
పంతమా న్యాయమా అని శీర్షికలో పెట్టి న్యాయం గురించి ఎవరూ మాట్లాడరేం? ఈయన పేరు మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఫోగర్టీ వర్సెస్ ఫాంటసీ, 1994. కాపీరైటు చదివే విద్యార్థి ఈ కేసు దాటకుండా పోలేడు.

1985లో ‘సెంటర్‌ఫీల్డ్’ ఆల్బమ్ వచ్చింది. వాద్యాలన్నీ తనే వాయించుకున్నాడు. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం. అందులో ‘ద ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్’ అని ఒక పాట. ఇది 1970 నాటి ‘రన్ త్రూ ద జంగిల్’కు కొత్త మాటలు తొడిగిన నకలు అని ఫాంటసీ దావా వేసింది. ఆ పాత పాట రాసింది ఎవరు? ఫోగర్టీయే. హక్కు ఎవరిది? ఫాంటసీది. అంటే నువ్వు నీలాగే పాడావు, తప్పు అని కేసు!

1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ ముందు విచారణ. గిటార్ పట్టుకుని సాక్షి బోనెక్కాడు. రెండు పాటలూ వాయించి, ఎక్కడ పోలిక, ఎక్కడ తేడా, తన శైలి ఏమిటి అని వివరించాడు. నెగ్గాడు. అయితే లాయర్ల ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. అది ఇప్పించమంటే కింది కోర్టులు కుదరదన్నాయి. వాది గెలిస్తే ఖర్చులు మామూలుగా ఇప్పిస్తారట, ప్రతివాది గెలిస్తే మాత్రం ఆ దావా దురుద్దేశంతో వేసిందని నిరూపించాలట. సుప్రీంకోర్టు ఈ రెండు కొలతలు చెల్లవన్నది. ఇద్దరినీ ఒకే తీరుగా చూడాలి, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ. ఆ తరవాత ఖర్చులు వచ్చాయి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్‌లో ఓడినవాడే ఖర్చులు భరించాలన్నది మొదటి నుంచీ ఉన్న మాట. చేతికి ఎంత వస్తుందన్నది వేరే కథ, అది ఇక్కడ చెబితే నా కడుపు మీద నేను కొట్టుకున్నట్టే.

మూడోతీగ
ఆ రెండు పాటలూ పక్కపక్కన వినండి. రెండూ చాలాసేపు ఒకే కార్డు మీద తచ్చాడుతాయి. ఊపు, గొంతులో గరుకుదనం, మధ్యలో గిటార్ కొరికే తీరు ఒకటే. బాణీ వేరు. పోలిక లేదంటే అబద్ధం అవుతుంది, కాని ఆ పోలిక మనిషిది. దానిమీద కంపెనీకి హక్కు ఏమిటి?

ఎదురుమాట
సగమే చెప్పారు కోర్టుపక్షి గారు. అదే ఆల్బమ్‌లో ‘జెంట్జ్‌కు నాట్యం రాదు, డబ్బు మాత్రం కాజేస్తాడు’ అనే అర్థంలో ఒక పంది మీద పాట పెట్టాడు. ఆ పంది పేరు జాంజ్. జెంట్జ్ పరువునష్టం దావా వేశాక పంది పేరు వాంజ్ అని మార్చాడు. ఈయనేమీ నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకుడు కాదు.

ఇక తోటివాళ్ల సంగతి. అన్న టామ్‌ను పాడనివ్వలేదు, 1971లో ఆయన విసిగి వెళ్లిపోయాడు. ఆ తరవాత మిగిలిన ఇద్దరినీ ‘మీరూ సమానంగా రాయండి, మీ పాటలు మీరే పాడుకోండి’ అన్నాడు. 1972లో ‘మార్డీ గ్రా’ ఆల్బమ్ వచ్చింది. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. అది జాన్ విసిరిన బెదిరింపు అని వాళ్లూ, వాళ్లు అడిగిందే ఇచ్చాను అని ఈయనా. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానానికి స్టూ, డగ్ ఇద్దరూ వస్తే వాళ్లతో కలిసి వాయించనన్నాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, రాబీ రాబర్ట్‌సన్ అనే వేరే రాక్ గాయకులను పక్కన పెట్టుకుని ఆ పాటలే పాడాడు. చిన్ననాటి స్నేహితులకు వేదిక మీద చోటు దక్కలేదు. దీనికి కూడా జెంట్జే కారణమా?

పాతరికార్డులు
కొంతవరకు అవును. వాళ్లు జెంట్జ్ వైపు మొగ్గారని ఆయన కడుపుమంట. కాని ఆ రాత్రి చేసింది నాకూ నచ్చలేదు. ఒక్క పాటకు పిలిస్తే పోయేదేముంది?

రాత్రిరైలు
చూశారా! తిరిగి తిరిగి నా మాటకే వచ్చారు.

డప్పుదరువు
నేను ఇక్కడ రాయడం తక్కువ. ఇది చదువుతుంటే ఊరుకోలేకపోయాను.

మాది కరీంనగర్ వైపు. జానపదాలు పాడతాను, కొన్ని సొంతంగా కట్టినవి. క్యాసెట్ల రోజుల్లో ఒక ఆడియో కంపెనీ పిలిచి ఆల్బమ్ చేయించింది. స్టూడియోలో పొద్దున కూర్చుంటే రాత్రికి అన్ని పాటలూ అయిపోవాలి. డప్పు వాయించేవాళ్లకు కూలి కట్టినట్టు ఇచ్చారు. నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏముందో చదివే తీరిక నాకు లేదు, చదివినా అర్థమయ్యే భాషలో లేదు. ఆ పాటల్లో ఒకటి పెళ్లి ఊరేగింపుల్లో బాగా ఆడింది. మొన్నీమధ్య మా అబ్బాయి, నేను ఇంట్లో కూర్చుని అదే పాట పాడుతుంటే ఫోనులో తీసి వీడియోల సైట్‌లో పెట్టాడు. మూడో రోజుకల్లా ఇది ఇతరుల హక్కు అని తీసేశారు. ఆ కంపెనీ చేతులు మారి మారి ఇప్పుడు ఎవరిదో కూడా నాకు తెలియదు. పాట మా మేనత్త మీద కట్టింది. ఆమె పేరు కూడా అందులో ఉంది.

ఆ తరవాత రెండు కార్యక్రమాల్లో ఆ పాట అడిగారు. పాడబుద్ధి కాలేదు. ఎవరినో శిక్షించాలని కాదు. గొంతు రాలేదు. పంతం అంటే అనండి.

పల్లవి_చరణం
డప్పుదరువు గారూ, ఆ కాగితం ఇంకా మీ దగ్గర ఉందా?

కోర్టుపక్షి
నేనూ అదే అడగబోతున్నాను. సంతకం చేసిన ఏడాది, అందులో రాసిన మాటలు చాలా ముఖ్యం. 2012లో మన కాపీరైటు చట్టం మార్చారు. సినిమాలోనో ఆడియో రికార్డులోనో వాడిన పాటకు, రచయితా స్వరకర్తా తమకు రావలసిన రాయల్టీ వాటాను రాసిచ్చినా చెల్లదు. వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప. ఫోగర్టీ 1980లో చేసినట్టు వదిలేసుకునే వీలు ఇప్పుడు ఇక్కడ లేదు. మీది పాత ఒప్పందం కాబట్టి ఎంతవరకు వర్తిస్తుందో కాగితం చూడకుండా చెప్పను. విడిగా సందేశం పంపండి, ఫీజు అడగను.

నిద్రమత్తు
లాయరు ఫీజు వద్దన్నాడు. ఈ చర్చకు తాళం వేసి పటం కట్టించండి.

రాత్రిరైలు
డప్పుదరువు గారూ, మీ విషయంలో పంతం అనే మాట నేను వాడను. కాని ఒకటి చూడండి. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న బాలుగారికి ఇళయరాజా గారి నుంచి నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా పాడవద్దని. ఆ పర్యటనలో ఆ పాటలు ఆపేశారు. అప్పుడు మనందరం ఎంత గోల చేశాం? పాట జనానిది అన్నాం. అక్కడ హక్కు అడిగింది బాణీ కట్టినవాడే కదా. ఫోగర్టీ దగ్గరికి వచ్చేసరికి రాసినవాడిదే పాట అంటున్నాం. ఏదో ఒకటి అనుకోవాలి.

పల్లవి_చరణం
రెండూ ఒకటి కావు. అక్కడ పాడినవాళ్లకూ కట్టినవాళ్లకూ మధ్య తగువు. ఇక్కడ పాడినవాడు, కట్టినవాడు, రాసినవాడు ఒక్కడే. ఎదురుగా ఉన్నది లెక్కల పుస్తకం. నేను వేదికల మీద బాలుగారి పాటలు పాడి బతికినదాన్ని, ఆ వారం నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు. అయినా ఇళయరాజా గారికి అడిగే హక్కే లేదని మాత్రం నేను అనలేదు.

సాక్రమెంటో_సీను
ఇంత రాశారు గాని ఆయన మళ్లీ ఎలా పాడాడో ఎవరూ చెప్పలేదు. 1987 ఫిబ్రవరి, నార్త్ హాలీవుడ్‌లో పాలొమినో అనే క్లబ్బు. తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి కార్యక్రమం (మనవాళ్ల తాజ్‌మహల్ కాదు, ఆయన పెట్టుకున్న పేరే అది). బాబ్ డిలన్, జార్జ్ హారిసన్ కూడా ఊరికే వేదిక ఎక్కారు. ‘ప్రౌడ్ మేరీ’ పాడమని డిలన్ అడిగాడట. నువ్వు పాడకపోతే జనం దాన్ని టీనా టర్నర్ పాట అనుకుంటారు అన్నాడట (ఆ పాట ఆమె కూడా పాడింది). అంతే, పాడేశాడు. ఆ జులై 4న వాషింగ్టన్ దగ్గర వియత్నాం మాజీ సైనికుల కోసం జరిగిన కచేరీలో వరసగా క్రీడెన్స్ పాటలు అందుకున్నాడు. లాయర్ల వల్ల కానిది ఒక్క ఎత్తిపొడుపు వల్ల అయింది.

నిద్రమత్తు
డిలన్ మాట స్పష్టంగా అర్థమైన ఏకైక సందర్భం కూడా ఇదేనేమో.

అన్నట్టు, ‘బ్యాడ్ మూన్ రైజింగ్’ పల్లవి చివర చాలామంది అమెరికన్లకు ‘బాత్‌రూమ్ కుడివైపు ఉంది’ అన్నట్టు వినిపిస్తుందట. ఆయన కూడా అప్పుడప్పుడు వేదిక మీద అలాగే పాడి, చెయ్యి కుడివైపు చూపిస్తాడు. ఇంత కోపిష్ఠికి ఈ హాస్యం ఎక్కడిది?

పాతరికార్డులు
కోపం తగ్గాక వచ్చింది. 1997లో తెచ్చిన ‘బ్లూ మూన్ స్వాంప్’ ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. 2004లో ఫాంటసీని కాంకర్డ్ అనే సంస్థ కొని, ఆయన వదిలేసుకున్న రాయల్టీని తిరిగి ఇచ్చింది. అడిగితే ఇచ్చేవాళ్లు కూడా ఉంటారన్నమాట. 2023 జనవరిలో ఆ పాటల ప్రచురణ హక్కుల్లో ఎక్కువ వాటా ఆయన చేతికే వచ్చింది. అప్పటికి వయసు డెబ్బై ఏడు. ఈ మధ్యలో 2016 క్రిస్మస్‌కు భార్య జూలీ ఒక పెట్టె చేతిలో పెట్టింది. తెరిస్తే, 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించిన రికెన్‌బ్యాకర్ గిటార్. డెబ్బైల మొదట్లో ఎవరో కుర్రాడు అడిగితే ఇచ్చేసిన గిటార్! ఆమె వెతికి వెతికి కొని తెచ్చింది.

మూడోతీగ
అడిగితే ఇచ్చేశాడా! ఆ కుర్రాడు నేనెందుకు కాలేదు?

ఎదురుమాట
2025లో వచ్చిన ‘లెగసీ’ విన్నారా? ఎనభై ఏళ్ల వయసులో క్రీడెన్స్ పాటలు ఇరవై కొడుకులతో కలిసి మళ్లీ రికార్డు చేశాడు. ప్రతి పాట పక్కన ‘జాన్స్ వెర్షన్’ అని పేరు. పాత ఆల్బమ్‌లు మళ్లీ పాడి టేలర్ స్విఫ్ట్ చూపిన దారి. గొంతు ఆ వయసుకు అద్భుతమే. కాని డగ్ డ్రమ్ము, స్టూ బేస్, వెనకాల టామ్ రిథమ్ గిటార్ లేవు. అంతా శుభ్రంగా ఉంది. ఆ పాత రికార్డులో నలుగురూ ఒకే గదిలో ఒకరినొకరు తోసుకుంటూ వాయించిన చప్పుడు ఉంటుంది. అంతా నేనొక్కడినే చేశాను అన్న మాటకు ఆ చప్పుడే జవాబు.

పాతరికార్డులు
ఈ ఒక్క పోస్టుకు మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అలవాటు చేసుకోకండి.

రాత్రిరైలు
నేను రెండూ విన్నాను. ‘లోడీ’ మాత్రం కొత్తదే నచ్చింది. ఇరవై మూడేళ్ల కుర్రాడు ‘బతుకంతా ఇలాగే పోయింది’ అని పాడితే నమ్మలేదు. ఎనభై ఏళ్ల ఆయన పాడితే నమ్మాను. పంతం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

డప్పుదరువు
కోర్టుపక్షి గారూ, కాగితం దొరికింది. 1998. రెండో పేజీ చెదలు తిన్నది. మొదటి పేజీ ఫొటో తీసి పంపాను.

కోర్టుపక్షి
అందింది. సంతకం పక్కన సాక్షి పేరు ఉంది, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోండి. రెండో పేజీ కూడా చెదలతో సహా ఫొటో తీయండి. మిగిలిన ముక్కలు పారేయవద్దు.

మూడోతీగ
‘లోడీ’ కార్డులు ఎవరికైనా కావాలా? చివరి చరణానికి శ్రుతి పైకి మారుతుంది, చాలామంది అక్కడే తడబడతారు. రేపు విడిగా ఒక పోస్టు పెడతాను.